1954 షెవ్రొలే 3100: ఇంజన్ ఊపిరి, బ్రేకు ఒకే పనిగా చేసిన కేసు

బండి నా షెడ్డుకి ట్రెయిలర్ మీద వచ్చింది. నడుపుకుంటూ తేవద్దని నేనే చెప్పాను. ఫోన్‌లో ఓనర్ చెప్పిన మాట అలాంటిది: “అన్నా, బ్రేకు మొదటిసారి తొక్కితే పెడల్ నేలకి వెళ్లిపోతోంది. గబగబా రెండోసారి కొడితే పడుతోంది. మొన్న స్కూల్ దగ్గర గీత దాటాక గానీ ఆగలేదు.” చివర్లో చిన్న విషయమన్నట్టు ఇంకోటి చెప్పాడు. సిగ్నల్ దగ్గర ఆగితే కింద నుంచి పొగ లేచి క్యాబిన్‌లోకి వస్తోందట. పక్కన కూర్చున్న పాప తల తిరుగుతోందంటోందట.

నన్నడిగితే ఆ రెండోది చిన్న విషయం కాదు.

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. నేను పని నేర్చుకుంది అక్కడే, లారీల కింద. ఇప్పుడు డాలస్‌కి ఉత్తరాన చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. ఎక్కువగా 1970కి ముందు బండ్లే చేస్తాను. ఈ ఓనర్ ఖమ్మం వైపు అబ్బాయి. పక్కింటి రైతు కుటుంబం దగ్గర ఈ పికప్ కొన్నాడు. షోకి పెట్టను, నడుపుతాను అని ఆ ఇంటావిడకి మాటిచ్చి మరీ కొన్నాడు. అందుకే పెయింట్ జోలికి పోలేదు. ఉన్న డబ్బంతా ఇంజన్ మీద, బ్రేకు మీద పెడదామని వచ్చాడు. ఇలా ఆలోచించే ఓనర్లు నాకు తక్కువగా దొరుకుతారు.

బండి వివరాలు ఇవీ. 1954 షెవ్రొలే 3100, అర టన్ను పికప్. 235 క్యూబిక్ అంగుళాల ఇంజన్, ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో. ఒక బ్యారెల్ రోచెస్టర్ కార్బొరేటర్, స్టీరింగ్ కింద మూడు గేర్ల లివరు, 6 వోల్టుల కరెంటు, వ్యాక్యూమ్‌తో తిరిగే వైపరు. నాలుగు చక్రాలకీ 11 అంగుళాల డ్రమ్ములు. మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే భాగం, ఒకే గదిది. అది డ్రైవర్ కాళ్ల కింద ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పోయాలంటే నేల మీద మ్యాటు ఎత్తి, చిన్న మూత విప్పాలి. అలా ఎత్తి చూసే ఓపిక లేకే ఇలాంటి బండ్లలో చాలావాటికి బ్రేకులు పాడవుతాయి.

రెండు పనులు ఎందుకు ఒకటయ్యాయి

వేరే షాపులో ఈ బండికి ముందే అంచనా రాసిచ్చారు. ఇంజన్ దింపి మొత్తం రీబిల్డ్ చేయాలి, బ్రేకుల సంగతి తర్వాత చూద్దాం అని. ఆ అంచనాలో ఒక్క కొలత కూడా లేదు. కొలవకుండా ఇంజన్ దింపమనడం నాకు నచ్చదు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇది. ఇంజన్ కడుపులో చేరే పొగని బయటికి లాగడానికి ఇప్పుడు వేసేది పీసీవీ వాల్వు. బ్రేకుకి బలం ఇవ్వడానికి వేసేది బూస్టరు. రెండూ బతికేది ఒకే చోట, సిలిండర్లకి పెట్రోలు గాలి పంచే మానిఫోల్డ్‌లో ఇంజన్ పీల్పుకి పుట్టే వ్యాక్యూమ్ మీద. ఒకే బావిలో రెండు మోటార్లు దించినట్టే. బావిలో నీళ్లెంతున్నాయో చూడకుండా ఒకటి ఈ నెలా ఒకటి వచ్చే ఏడాదీ దించితే, రెండోది దించిన రోజు మొదటిది ఎండుతుంది. ఇక్కడ ఎండేది బ్రేకు. అందుకని పైపుల దారి రెండింటికీ కలిపి ఒకేసారి గీసుకోవాలి.

ముందు కొలతలు

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, పొడిగా చూస్తే ఆరు సిలిండర్లలో 116 నుంచి 124 పౌండ్ల మధ్య ఉంది. ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ఎనిమిదీ పదీ పెరిగింది. అంటే పిస్టన్ రింగులు కొంత అరిగాయి, అంతే. డెబ్బై ఏళ్ల ఇంజన్‌కి ఇది మంచి ఆరోగ్యం. వ్యాక్యూమ్ గేజి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు, పాదరసం లెక్కన 18 అంగుళాల దగ్గర కదలకుండా నిలబడింది. బావిలో నీళ్లున్నాయని అప్పుడే ధైర్యం వచ్చింది.

తర్వాత క్రాంక్‌కేస్, అంటే ఇంజన్ కడుపులోని ఒత్తిడి. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పారదర్శకమైన సన్న గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకి కట్టి, అందులో పసుపు కలిపిన నీళ్లు పోశాను. పసుపు కలిపితే నీటి మట్టం దూరం నుంచి కూడా కనిపిస్తుంది. ఒక కొసని ఆయిల్ డిప్‌స్టిక్ రంధ్రానికి తొడిగాను. ఐడిల్‌లో నీళ్లు అర అంగుళం పైకి జరిగాయి. ఇంజన్‌ని నిమిషానికి 2,000 తిప్పుళ్లకి పెంచితే రెండు అంగుళాలు దాటాయి. అంటే కడుపులో చేరిన పొగకి బయటికి దారి లేదు.

ఆటోనగర్‌లో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటాం. మంట గదిలోని వాయువు కొంత రింగుల పక్క నుంచి జారి కింద క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. అందులో కాలని పెట్రోలు ఆవిరి ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది, ఆమ్లం ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. కొత్త ఇంజన్‌లోనూ ఇది కొంత జారుతుంది. దాన్ని బయటికి పంపడానికి అప్పటి వాళ్లు బ్లాక్ పక్క నుంచి నేల వైపు ఒక గొట్టం దించారు. దాని కొస ఏటవాలుగా కోసి ఉంటుంది. బండి పరుగెత్తుతుంటే కింద నుంచి పోయే గాలి ఆ కొస దగ్గర కాస్త లాగుతుంది. టాపెట్ కవర్ మీది ఆయిల్ మూతలోంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. హైవే మీద బాగానే పనిచేస్తుంది. గంటకి పాతిక మైళ్ల లోపు దాదాపు ఏమీ లాగదు. పొలం నుంచి మార్కెట్‌కి పరుగెత్తిన రోజుల్లో సరిపోయిన ఏర్పాటు, ఇప్పుడు సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ఊళ్లో ఎలా సరిపోతుంది?

ఆ గొట్టం విప్పి చూస్తే సగానికి పైగా మూసుకుపోయి ఉంది. లోపల గోడలకి నల్లటి మడ్డి పట్టేసింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే తారులా సాగింది. ఆయిల్ మూత లోపల తెల్లటి మీగడ లాంటి పొర ఉంది. అది ఆయిల్‌లో నీరు చేరిందనడానికి గుర్తు. బయటికి దారి లేని పొగ గాస్కెట్లనీ ఇంజన్ వెనక కొసన ఉండే తాడు సీలునీ నెట్టుకుని ఆయిల్‌తో సహా కారుతోంది. రాత్రంతా బండి కింద అట్టముక్క పెడితే పొద్దున సాసరంత మరక. ఆ షాపు వాళ్లు చూసింది ఈ మరకనే.

ఈ గొట్టాలు బండ్ల నుంచి పోయింది లీకుల వల్ల కాదు, లాస్ ఏంజెలెస్ పొగమంచు వల్ల. అక్కడి కళ్లు మండే పొగకి బండ్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు కారణమని క్యాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో తేల్చారు. అందులో సుమారు ఐదో వంతు క్రాంక్‌కేస్ గొట్టం నుంచే వస్తోందని తెలిశాక, 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలోనూ 1963 నుంచి దేశమంతటా కొత్త కార్లకి పీసీవీ వచ్చింది. ఆ పొగని గాలిలోకి వదలకుండా మళ్లీ ఇంజన్‌కే పెట్టి కాల్చేస్తుంది.

ఇంజన్ ఊపిరి

పాత గొట్టం ఉన్న చోట అల్యూమినియం పలక ఒకటి కోసి బిగించాను. దాని మీద చిన్న డబ్బా నిలబెట్టాను. డబ్బా ఎందుకంటే, ఈ ఇంజన్‌లో నేరుగా లాగితే పొగతో పాటు ఆయిల్ తుంపర కూడా వచ్చేస్తుంది. డబ్బాలో రెండు జల్లెడల మధ్య గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కుక్కాను. ఆయిల్ ఆ పీచుకి తగిలి మళ్లీ కిందికి జారుతుంది. జల్లెడలు లేకుండా పీచు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఒక్క పోగు ఊడి లోపలికి పోయినా బేరింగులకి ప్రమాదం. డబ్బా మూతకి పీసీవీ వాల్వు, అక్కడి నుంచి ఆయిల్‌కి తట్టుకునే 3/8 అంగుళం గొట్టం.

పీసీవీ వాల్వు అంటే స్ప్రింగు మీద కూర్చున్న చిన్న మేకు. ఐడిల్‌లో వ్యాక్యూమ్ గట్టిగా లాగినప్పుడు దారిని సన్నం చేస్తుంది. బండి సాగుతున్నప్పుడు తెరుచుకుంటుంది. కార్బొరేటర్‌లోంచి వెనక్కి మంట కొడితే మూసుకుని క్రాంక్‌కేస్‌ని కాపాడుతుంది. పెద్ద వీ8 ఇంజన్‌ది తెచ్చి ఈ చిన్న ఇంజన్‌కి పెడితే ఐడిల్ నిలబడదు. చిన్న ఆరు సిలిండర్ల ఇంజన్‌కి తగ్గదే కావాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మానిఫోల్డ్ వెనక కొసన బెజ్జం ఒకటి సిద్ధంగా కనిపించింది. దానికి టీ ఆకారం ముక్క బిగించి, ఒక కొమ్ముకి పీసీవీ, ఇంకో కొమ్ముకి బూస్టరు తగిలించాను. ఆవరణలో బాగానే ఉన్నట్టు అనిపించింది. కానీ ఐడిల్‌లో సన్నటి వణుకు. బ్రేకు ఒకసారి తొక్కి వెంటనే మళ్లీ తొక్కితే రెండోసారి పెడల్ రాయిలా తగిలింది. బూస్టర్ దగ్గర గేజి పెట్టి చూస్తే 18 ఉండాల్సింది 13 చూపించింది. ప్లగ్గులు విప్పితే 1 నుంచి 4 వరకు గోధుమ రంగులో చక్కగా ఉన్నాయి. 5, 6 మాత్రం అంచుల మీద నూనె మరకతో వేరుగా ఉన్నాయి.

కారణం ఇంజన్ తలలోనే ఉంది. ఈ 235లో ఆరు సిలిండర్లకి పెట్రోలు గాలి వెళ్లే దారులు మూడే. రెండేసి సిలిండర్లు ఒక దారిని పంచుకుంటాయి. చివరి దారి 5, 6లది. నేను మొత్తం క్రాంక్‌కేస్ పొగని ఆ రెండు సిలిండర్లకే తాగించాను. పైగా పీసీవీ వదిలే గాలి అదే టీలో బూస్టర్ లాగాల్సిన వ్యాక్యూమ్‌ని తినేసింది.

అంతా విప్పేశాను. కార్బొరేటర్ కింద అర అంగుళం మందం అల్యూమినియం పలక పెట్టి, దాని పక్కన బెజ్జం వేసి పీసీవీని అక్కడ కలిపాను. అక్కడ కలిస్తే పొగ ఆరు సిలిండర్లకీ సమంగా పంచుకుపోతుంది. మానిఫోల్డ్ మీది బెజ్జం బూస్టర్‌కి మాత్రమే వదిలాను, మధ్యలో వెనక్కి పోనివ్వని వాల్వుతో. వైపర్‌కి వేరే సన్న దారి ఇచ్చాను. కార్బొరేటర్ అర అంగుళం పైకి లేచింది కాబట్టి యాక్సిలరేటర్ రాడ్డు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. పీసీవీ కొంత గాలిని కలుపుతుంది కనుక ఐడిల్ మిక్చర్ స్క్రూ అర చుట్టు బయటికి విప్పాను. వణుకు పోయింది. బూస్టర్ దగ్గర గేజి 18కి వచ్చింది.

ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెట్టాను. ఒక్క క్షణం ఆగి కాగితం మెల్లగా రంధ్రానికి అతుక్కుంది. అంతకు ముందు అదే కాగితం అక్కడ ఎగిరి పడేది. పసుపు నీళ్లు ఈసారి అటు వైపు జరిగాయి. ఐడిల్‌లో ఒకటిన్నర అంగుళం, 2,000 దగ్గర అర అంగుళం, రెండూ లోపలికి లాగే వైపే. ఇంతకంటే బాగా ఎక్కువ లాగినా చేటే. సీళ్లలోంచి దుమ్ము పీలుస్తుంది.

బ్రేకు

విప్పగానే నాలుగు సంగతులు కనిపించాయి. ఎడమ వెనక వీల్ సిలిండర్ కారి లైనింగ్ అంతా బ్రేక్ ఆయిల్‌లో నానిపోయింది. ముందు రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి, సూది పట్టేంత దారే మిగిలింది. ఇనుప పైపులు రెండు చోట్ల తుప్పు తిన్నాయి. కుడి వెనక చక్రంలో డ్రమ్ముకి ఒత్తుకునే షూలు తారుమారుగా వేసి ఉన్నాయి. ఈ చివరిది చాలామంది చేసే తప్పు. 1951 నుంచి ఈ అర టన్ను బండ్లకి వచ్చిన బెండిక్స్ రకం బ్రేకులో రెండు షూలూ ఒకేలా ఉండవు. లైనింగ్ పొట్టిగా ఉన్నది బండి ముందు వైపుకి, పొడుగ్గా ఉన్నది వెనక వైపుకి రావాలి. తిప్పి వేస్తే చక్రం పట్టే బలం తగ్గుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది.

పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము తీసి కంప్రెసర్ గాలి కొట్టడం మా కాలంలో అందరం చేసిన పనే. ఇప్పుడు మా షెడ్డులో అది నిషేధం. తడిపి తుడవడమే.

డబ్బు ఒక్కదానికే ఉంటే ఏం చేయాలని అడుగుతుంటారు. నా జవాబు డిస్కులు కాదు, రెండు గదుల మాస్టర్ సిలిండర్. ఒకే గది ఉన్నప్పుడు ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 1967 మోడళ్ల నుంచి అమెరికా బండ్లలో రెండు గదులు మామూలైపోయాయి. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి. ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. ఈ అబ్బాయి రెండూ చేయించుకోగలడు కనుక ముందు చక్రాలకి డిస్కులు, వెనక డ్రమ్ములు అలాగే ఉంచి కొత్త షూలు, కొత్త వీల్ సిలిండర్లు వేశాం. పైపులన్నీ రాగి-నికెల్ రకం, కొసలు డబుల్ ఫ్లేరు, అంటే రెండు మడతలుగా విప్పారినవి. బూస్టర్, మాస్టర్ రెండూ పాత చోటే, నేల కింద.

మాస్టర్ అంత కిందికి ఉంటే ఒక చిక్కు ఉంది. బ్రేకు వదిలాక ముందు డిస్కుల్ని నొక్కి పట్టే క్యాలిపర్ల నుంచి ఆయిల్ వెనక్కి జారుతుంది. అందుకని డిస్కుల పైపులో 2 పౌండ్ల ఒత్తిడి నిలిపే వాల్వు, డ్రమ్ముల పైపులో 10 పౌండ్లది పెట్టాలి. అవి రెండూ ఆకారంలో ఒకేలా ఉంటాయి. మార్చి పెడితే డిస్కులు రాసుకుంటూనే ఉంటాయి.

మొదటి రోడ్డు టెస్టులో నాలుగో మైలు దగ్గర బండి బరువెక్కినట్టు అనిపించింది. గేరు న్యూట్రల్ చేస్తే సాగకుండా ఆగిపోయింది. దిగి థర్మామీటర్ పెట్టాను. ముందు డిస్కులు రెండూ 380 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టూ ఉన్నాయి, వెనక డ్రమ్ములు 140. చక్రం చేత్తో తిరగలేదు. వాల్వులు మార్చి పెట్టానేమోనని ముందు అదే అనుమానం.

ఇక్కడ గబుక్కున బ్లీడర్ (పైపుల్లోంచి గాలి, ఆయిల్ వదిలే మర) విప్పకూడదు. విప్పితే ఒత్తిడి పోతుంది, దాంతో పాటు సాక్ష్యమూ పోతుంది. రెండు చక్రాలూ సమానంగా వేడెక్కాయంటే తప్పు ఒక క్యాలిపర్‌ది కాదు, రెండింటికీ పైన ఎక్కడో ఉంది. బండి కింద పడుకుని మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే రెండు నట్లు మూడేసి చుట్లు వదులు చేశాను. టక్‌మని చిన్న చప్పుడు. మా అసిస్టెంట్ కుర్రాడు పై నుంచి “సార్, తిరుగుతోంది” అన్నాడు. వాల్వుల తప్పైతే నట్లు వదిలినంత మాత్రాన చక్రం తిరిగేది కాదు.

తప్పు బూస్టర్ నుంచి మాస్టర్ పిస్టన్‌ని నెట్టే పుష్‌రాడ్ పొడవుది. కిట్‌లో వచ్చింది వచ్చినట్టు నేను బిగించాను. అది మాస్టర్ పిస్టన్‌ని ఎప్పుడూ కొద్దిగా నెట్టి ఉంచుతోంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆయిల్ ట్యాంకుకి వెళ్లే సన్న రంధ్రం తెరుచుకుంటుంది. అది మూసుకుని ఉంటే వేడికి ఉబ్బిన ఆయిల్‌కి పోయే దారి లేక, బ్రేకు తనంతట తానే పడుతూ పోతుంది. పిల్లలు ఆడుకునే మైనపు మట్టి ముద్ద పుష్‌రాడ్ కొసకి అంటించి, మాస్టర్ బిగించి విప్పి చూశాను. మట్టి పూర్తిగా నలిగిపోయి ఇనుము కనిపించింది. సందు సున్నా. ముప్పాతిక మిల్లీమీటరు సందు వచ్చేదాకా రాడ్డుని పొట్టి చేశాను. మెరుపెక్కిన ప్యాడ్లని రుద్ది, మళ్లీ కొత్తవాటిలా ముప్పై సార్లు మెల్లగా వేగం తగ్గిస్తూ పట్టించాను. పదిహేను మైళ్లు తిరిగొచ్చినా చక్రం వేలితో తిరిగింది.

ఖాళీ బండిలో వెనక భాగం తేలిక. గట్టిగా తొక్కితే వెనక చక్రాలే ముందు లాకయ్యాయి. వెనక చక్రాలకి వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు మర ఒక్కో చుట్టూ తిప్పుతూ, ముందువి రవ్వంత ముందు లాకయ్యేలా పెట్టాను. గంటకి 30 మైళ్ల నుంచి పొడి రోడ్డు మీద 48 అడుగుల్లో, వంకర పోకుండా ఆగింది. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు. ఇలాంటి టెస్టు చేసి కాగితం మీద రాసుకోవడం ఇప్పుడు మన బాధ్యతే.

అప్పగించిన రోజు

ఓనర్‌ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఇంజన్ ఆపమన్నాను. నాలుగుసార్లు బ్రేకు కొట్టి, అలాగే నొక్కి ఉంచి, సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజన్ అందుకోగానే పెడల్ అతని పాదం కింద ఒక అంగుళం మెత్తగా దిగింది. బూస్టర్ పనిచేస్తోందని కాలికి తెలిసే గుర్తు అది. నెలకోసారి చూసుకోమని చెప్పాను.

తర్వాత ముందు చక్రం బ్లీడర్‌కి గొట్టం తొడిగి, సీసాలో పెట్టి, బ్లీడర్ విప్పాను. మనిషి నడిచే వేగంతో ఆవరణలో నడిపి బ్రేకు తొక్కమన్నాను. పెడల్ చాలా కిందికి వెళ్లింది, అయినా వెనక చక్రాలు పట్టి బండి ఆగింది. “అంటే ఒక పైపు పగిలినా ఇలా ఆగుతుందా అన్నా?” అన్నాడు. ఆగుతుంది, దూరం ఎక్కువ పడుతుంది, పెడల్ ఇలా దిగిన రోజు ఇంటికి కూడా నడపకు, ఫోన్ చెయ్ తమ్ముడూ అన్నాను. బ్లీడర్ మూసి, గాలి తీసి, ఆయిల్ నింపి, పెడల్ మళ్లీ పైనే పడుతోందని చూసుకున్నాకే తాళాలిచ్చాను. పెడళ్ల చుట్టూ నేలలో ఉన్న పాత రబ్బర్లు కూడా మార్చాను. పొగ లోపలికి వచ్చిన దారి అదే. పార్టులకి మొత్తం 1,350 డాలర్లు అయింది. అందులో ఇంజన్ ఊపిరికి అయింది అరవై కూడా లేదు.

1,100 మైళ్ల తర్వాత బండి మళ్లీ వచ్చింది. అట్టముక్క మీద సాసరంత మరక పోయి మూడు చుక్కలు మిగిలాయి. రింగుల అరుగుదల అలాగే ఉంది, పీసీవీ దాన్ని బాగుచేయదు. కానీ ఇంజన్ దింపాల్సిన అవసరం ఇప్పట్లో లేదు. పాప పక్క సీట్లోనే వచ్చింది.

ఒక సంగతి మాత్రం నచ్చలేదు. చలికాలంలో ఆయిల్ మూత కింద తెల్లటి పొర మళ్లీ పలచగా కనిపించింది. వెతికితే పీసీవీ గొట్టం మధ్యలో ఒక వంపు కిందికి వేలాడుతోంది. ఆవిరి చల్లబడి నీరై ఆ వంపులో నిలిచింది. చలి గట్టిగా పడిన పొద్దుల్లో అది గడ్డకట్టి దారి మూసేసిందని నా అనుమానం. గొట్టం రెండు అంగుళాలు కోసి, డబ్బా నుంచి కార్బొరేటర్ దాకా ఎక్కడా వంపు లేకుండా ఎత్తుకే పోయేలా క్లిప్పులు వేశాను. ఫిబ్రవరి చివర్లో మూత తీసి చూపించమన్నాను.